మే నెలలో ఎలాస్టిన్ ప్రయోగమా? ముందు గది వేడి చూసుకోండి

చర్మానికి, రక్తనాళాలకు సాగే గుణమిచ్చే ప్రోటీన్ ఎలాస్టిన్, దానికి ఫిబులిన్-5 అనే ఇంకో ప్రోటీన్ అతుక్కుంటుందా అని చూసే ప్రయోగం ఇది. ప్రోటోకాల్‌లో 'రూమ్ టెంపరేచర్‌లో 2 గంటలు' అని ఉంటుంది చూడండి, అది 20–25 డిగ్రీల గదికి రాసిన మాట, మే నెలలో హనుమకొండలో కరెంటు పోయి ఏసీ ఆగిన గదికి కాదు. ఎలాస్టిన్‌కి ముడిరూపమైన ట్రోపోఎలాస్టిన్‌కి వేడి తగిలితే దానంతట అదే గుంపు కడుతుంది, 37 డిగ్రీల దగ్గర ట్యూబ్ గంజిలా తెల్లబడుతుంది. ఫిబులిన్-5 పూసిన ప్లేట్‌లోని వెల్స్‌కి (చిన్న గుంటలు) ఆ గుంపులు అతుక్కుని రంగు ఇస్తే, రెండు ప్రోటీన్ల బంధం దొరికిందని వారం రోజులు మురిసిపోయాను. తర్వాత చూస్తే ఏమీ పూయని వెల్‌లోనూ అదే రంగు!

అందుకే ట్రోపోఎలాస్టిన్‌ని ద్రావణంలో వదలకుండా ప్లేట్‌కే పూయండి, రాత్రంతా 4 డిగ్రీల దగ్గర. మటన్ కొట్టు నుంచి మేక బృహద్ధమని తెచ్చి నూరితే సరిపోదా అని జూనియర్లు అడుగుతుంటారు. సరిపోదు, లైసిల్ ఆక్సిడేజ్ అనే ఎంజైమ్ అడ్డకుట్లు వేసేశాక ఎలాస్టిన్ మామూలు బఫర్‌లో కరగదు, పలచని సోడియం హైడ్రాక్సైడ్‌లో 95 డిగ్రీల దగ్గర ఉడికించినా మిగతావన్నీ కరిగిపోయి అదే మిగులుతుంది. రీకాంబినెంట్, అంటే జన్యువుని వేరే కణాల్లో పెట్టి తయారుచేసిన ట్రోపోఎలాస్టినే వాడాలి.

తర్వాత ఖాళీ చోట్లను బీఎస్‌ఏతో (ఆవు రక్తంలోని ఆల్బుమిన్ ప్రోటీన్) కప్పేయండి, పాలపొడి వద్దు, అందులోని కేసీన్ కాల్షియాన్ని పట్టుకుంటుంది, మనకేమో కాల్షియమే ముఖ్యం. ఫిబులిన్-5 ఎలాస్టిన్‌ని పట్టుకోవడానికి కాల్షియం కావాలని 2002లోనే తేలింది, ఫిబులిన్-5 లేని ఎలుకల్లో చర్మం వేలాడి, ఊపిరితిత్తులు పాడై, బృహద్ధమని వంకర్లు పోయింది. ట్రిస్ బఫర్‌లో 2 మిల్లీమోలార్ కాల్షియం క్లోరైడ్ కలపండి. ఫాస్ఫేట్ ఉండే పీబీఎస్ బఫర్‌లో మాత్రం కలపొద్దు, ఆ ఫాస్ఫేట్‌తో కలిసి మడ్డిలా దిగిపోతుంది.

ఫిబులిన్-5 ని సగం సగం పలచన చేస్తూ వెల్స్‌లో పోసి, కడిగి, ఫిబులిన్-5 ని పట్టే యాంటీబాడీతో రంగు చూడండి. పక్కనే రెండు వరుసలు తప్పకుండా పెట్టాలి, బీఎస్‌ఏ మాత్రమే పూసినదొకటి, బైండింగ్ బఫర్‌లో కాల్షియం బదులు కాల్షియాన్ని లాగేసే ఈడీటీఏ 10 మిల్లీమోలార్ ఉన్నదొకటి. ఈడీటీఏ వరుసలో రంగు తగ్గకపోతే అది మీరనుకుంటున్న బంధం కాదు, సంబరపడి గైడ్‌కి ఫోన్ చేయకండి.

రంగు నిజమే అనిపిస్తే ప్రోటీన్ల స్థానాలు మార్చి మళ్లీ చేయండి, ఈసారి ట్రోపోఎలాస్టిన్ ద్రావణంలో ఉంటుంది కాబట్టి పొద్దున్నే మొదలుపెట్టి, ప్లేట్‌ని 20 డిగ్రీల ఇంక్యుబేటర్‌లో ఉంచి, థర్మామీటర్ అంకెను నోట్‌బుక్‌లో రాసుకోండి.