మంజీరా కనెక్షన్ ఉన్నా వంటింట్లో ఉప్పు నీళ్లా? సమస్య - పరిష్కారం

మంజీరా అంటే హైదరాబాద్‌లో జలమండలి (నగర నీటి సరఫరా సంస్థ) ఇచ్చే నల్లా నీళ్లు. డాబా మీద వీటికో ట్యాంకు, బాత్రూములకు వాడే బోరు నీళ్లకో ట్యాంకు ఉంటాయి.

లక్షణాలు: కందిపప్పు ఉడకదు. టీ మీద తెట్టు కడుతుంది. స్టీలు గిన్నెలు ఆరితే తెల్లమచ్చలు. ఇవి చూడగానే సాఫ్ట్‌నర్ (నీళ్ల గట్టిదనం తగ్గించే పరికరం) కొనేస్తారు. దయచేసి ఆగండి, ముందు కొలవండి. ఈ ఒక్క పని ఎవరూ చేయరు.

టీడీఎస్ మీటరుతో నాలుగు చోట్ల చూడండి: నీళ్లు వదిలిన వేళ సంపులోకి పడే పైపు దగ్గర, సంపులో, డాబా మీద మంజీరా ట్యాంకులో, వంటింటి నల్లాలో. అంకె ఎక్కడ పెరిగితే లోపం అక్కడే. టీడీఎస్ అంటే నీళ్లలో కరిగిన లవణాలన్నీ కలిపి. హార్డ్‌నెస్ అంటే వాటిలో కాల్షియం, మెగ్నీషియం వాటా. పప్పునీ గీజర్‌నీ సతాయించేది ఇదే. తాగునీటికి మన దేశ ప్రమాణం ఐఎస్ 10500 ప్రకారం లీటరుకు టీడీఎస్ 500, హార్డ్‌నెస్ 200 మిల్లీగ్రాములు దాటకూడదు. వేరే నీళ్లు దొరకని చోట మాత్రమే 2000, 600 దాకా ఒప్పుకుంటారు.

సంపులో తక్కువ, ట్యాంకులో ఎక్కువ వచ్చిందా? మంజీరా ట్యాంకునీ బోరు ట్యాంకునీ కలిపే లింకు వాల్వు చూడండి. చాలా అపార్ట్‌మెంట్లలో ఎండాకాలం అవసరానికి పెట్టిన గేటు వాల్వు అది. వానలు పడ్డాక వాచ్‌మన్ బిగించేస్తాడు, మూసుకుపోయిందని అందరూ నమ్ముతారు. లోపల గేటు ఆనే సీటు మీద బోరు నీళ్ల సున్నం పేరుకుని గేటు పూర్తిగా దిగదు. మంజీరా ట్యాంకులో మట్టం తగ్గగానే అటు నుంచి బోరు నీళ్లు సన్నగా వచ్చి కలుస్తాయి. అందుకే రోజు విడిచి రోజు నీళ్లొచ్చే కాలనీల్లో వచ్చిన రోజు రుచి బాగుంటుంది, మర్నాడు సాయంత్రానికి మారిపోతుంది. ఈ వరస చెబితే చాలు, నేను నేరుగా డాబా ఎక్కుతాను. మంజీరా ట్యాంకు నిండుగా, బోరు ట్యాంకు ఖాళీగా ఉంటే అదే దారిలో మంచినీళ్లు బాత్రూముల పాలవుతాయి.

రాత్రి మోటార్లు ఆపి, రెండు ట్యాంకుల అవుట్‌లెట్లూ కట్టేయండి. బోరు ట్యాంకు నిండుగా, మంజీరా ట్యాంకు సగానికి ఉండాలి. కర్రతో మట్టం కొలవండి. పొద్దున పెరిగి ఉంటే వాల్వు పోయినట్టే. ఇంకా బిగిస్తే స్పిండిల్ (వాల్వు తిప్పే కడ్డీ) విరుగుతుంది తప్ప లాభం లేదు. బాల్ వాల్వు వేయించినా కొన్నేళ్లకు అదీ కారుతుంది. లింకు పైపు కోయించి రెండు కొసలకూ ఎండ్ క్యాప్ పెట్టించండి. ఎండాకాలంలో కావాలంటే ట్యాంకర్ నీళ్లు సంపులో పోయించుకోవచ్చు. ట్యాంకు కడిగించి మళ్లీ కొలవండి.

క్రిములను చంపడానికి నీళ్లలో కలిపే క్లోరిన్ కూడా చూడండి. నల్లాలో లీటరుకు కనీసం 0.2 మిల్లీగ్రాములు మిగిలి ఉండాలి. ఆర్థోటాలిడిన్ చుక్కలు వేస్తే పసుపు రంగు వస్తుంది. వచ్చే పైపు దగ్గర పసుపు వచ్చి వంటింట్లో రాకపోతే బోరు నీళ్లు కలిసి ఉండొచ్చు, లేదా ట్యాంకులో నిలవుండి క్లోరిన్ ఎగిరిపోయి ఉండొచ్చు. ఏదైనా సరే, లోపం సరిచేసేదాకా కాచి తాగండి.

సంపు పగిలి భూగర్భజలం ఊరడం అరుదు. బురద, దుర్వాసన ఉంటే మాత్రం తాగడం వెంటనే ఆపండి. పైపులో వచ్చే నీళ్లే ఉప్పగా ఉంటే జలమండలికి 155313కు ఫోన్ చేయండి.