ఇసుక దిబ్బలను చదవడం - 3వ పాఠం: గాలి గీతలు, మనిషి గీతలు

కిందటి పాఠంలో ఒక్క దిబ్బ వాలు చూసి గాలి ఎటు నుంచి వీచిందో చెప్పడం నేర్చుకున్నాం. ఈసారి దిబ్బల మధ్య మనుషుల ఆనవాళ్లు వెతుకుదాం. ఫోన్‌లో శాటిలైట్ మ్యాప్ తెరిచి, నెదర్లాండ్స్‌లోని జాండ్‌వోర్ట్ ఊరికి దక్షిణంగా రండి. సముద్రాన్ని ఆనుకుని దాదాపు 3,400 హెక్టార్లలో పరుచుకున్నవి ఆమ్‌స్టర్‌డామ్ నగరానికి తాగునీరిచ్చే దిబ్బలు. ఇప్పుడు రక్షిత ప్రాంతం.

ఒడ్డు నుంచి లోపలికి చూసుకుంటూ వెళ్లండి. మొదటి వరుసలో తెల్లటి ఇసుక, మధ్య మధ్య మారమ్ గడ్డి కుచ్చులు. ఈ గడ్డి తీరే వేరు. ఇసుక మీద పడి కప్పేస్తుంటేనే ఏపుగా పెరుగుతుంది, ఇసుక రాక ఆగిందంటే నీరసిస్తుంది. కాబట్టి అది ఒత్తుగా ఉన్న చోట ఇసుక ఇంకా కదులుతోందని అర్థం. లోపలికి పోయేకొద్దీ నాచు, పొట్టి గడ్డి, ఆపైన పొదలు. గుర్రపునాడాలా వంగిన దిబ్బ కనిపిస్తే దాని రెండు కొసలూ చూడండి. అవి గాలి వచ్చిన వైపే తిరిగి ఉంటాయి.

ఇక్కడ గాలి చేసినవి చాలావరకు వంపులే. తిన్నటి గీత కనిపించిందా, అక్కడ మనిషి చెయ్యి పడిందేమోనని అనుమానించాలి.

ఇప్పుడు జూమ్ చేయండి. పొడుగ్గా, సూటిగా కాలువలు. ఇసుకలోని మంచినీళ్లు పట్టడానికి తవ్వినవి. ఇసుకలో ఇంకిన వాన నీరు కింది ఉప్పునీటి కంటే తేలిక కాబట్టి దాని మీద తేలుతూ నిలుస్తుంది. సముద్రం పక్కన చెలమ తవ్వినా మంచినీళ్లు ఊరడానికి కారణం ఇదే. లెక్క ప్రకారం సముద్ర మట్టం పైన ఒక మీటరు మంచినీరుంటే, కింద 40 మీటర్ల దాకా ఉంటుంది. దీన్ని తిరగేసి చూడండి: పైన ఒక్క మీటరు తగ్గితే, నెమ్మదిగానైనా, కింద ఉప్పునీరు 40 మీటర్లు పైకొస్తుంది. 1853 డిసెంబరులో ఈ నీళ్లు మొదటిసారి ఆమ్‌స్టర్‌డామ్ చేరాయి, బకెట్ ఒక సెంటు. ఊరు పెరిగింది, తోడకం పెరిగింది, దిబ్బల మధ్య చెమ్మ పల్లాలు ఎండిపోయాయి. చివరికి 1957 నుంచి రైన్ నది నీటిని శుద్ధి చేసి తెచ్చి ఇక్కడి ఇసుకలో ఇంకిస్తున్నారు. మీకు కనిపించే మడుగుల్లో చాలావాటిలో ఉన్నది నది నీళ్లే!

చిన్న చిన్న చదరాలు, చుట్టూ ఎత్తు తక్కువ గట్లు కనిపిస్తే అవి ఒకప్పటి బంగాళాదుంప మడులు. పైనుంచి దొరకడం కష్టమే. కాంక్రీటు దిమ్మలు రెండో ప్రపంచయుద్ధంలో జర్మన్ సైన్యం కట్టిన బంకర్లు.

ఒకచోట మాత్రం మన సూత్రం పనిచేయదు. కత్తిరించినట్టున్న పొట్టి గడ్డి మైదానాల్లో గీతలేవీ ఉండవు, అచ్చంగా ప్రకృతే అనిపిస్తుంది. కానీ ఆ గడ్డిని కొరికి పొట్టిగా ఉంచింది కుందేళ్లు. వాటిని మాంసానికీ, బొచ్చుకీ మధ్యయుగాల్లో తెచ్చి వదిలింది మనుషులు. 1950లలో మిక్సోమటోసిస్ జబ్బుతో అవి గుంపులుగా చచ్చాక పొదలు పైకి లేచాయి.

అభ్యాసం: ఇదే మ్యాప్‌లో పది సూటి గీతలు గుర్తించండి. నీళ్లున్న కాలువలు, నీళ్లు లేని కాలువలు, నడకదారులు అని మూడు రకాలుగా విడదీయండి. ఏ రకానికీ చెందనిది ఒక్కటైనా తగులుతుంది. దాన్ని స్క్రీన్‌షాట్ తీసి ఉంచుకోండి, 4వ పాఠం దానితోనే మొదలుపెడదాం.