అరవై దాటాక తాయ్ చీ మొదలుపెట్టడం ఎలా?

పెద్దవయసులో చాలామంది కదలికలోనే పడిపోతారు: గడప దాటుతూ, గబుక్కున వెనక్కి తిరుగుతూ. ఒంటి బరువు ఒక కాలి నుంచి ఇంకో కాలికి మారే క్షణమది. ఆ క్షణాన్నే సాగదీసి సాధన చేయిస్తుంది చైనా యుద్ధవిద్య తాయ్ చీ. పార్కిన్సన్ (వణుకు పుట్టించి, కదలికలను మందగింపజేసే నరాల జబ్బు) ఉన్నవాళ్ళు వారానికి 2 సార్లు, గంట చొప్పున 24 వారాలు దీన్ని చేస్తే, ఒళ్ళు సాగదీసే వ్యాయామాలు చేసినవాళ్ళ కంటే తక్కువగా పడ్డారని 2012లో వెలువడిన ఒక అమెరికా అధ్యయనం తేల్చింది.

మోకాలు, తుంటి ఆపరేషన్ అయినా, ఎముకలు గుల్లబారినా, కళ్ళు తిరుగుతున్నా ముందు డాక్టర్‌ని అడగండి. షుగర్ వల్ల పాదాల్లో స్పర్శ తగ్గినవాళ్ళు వట్టి కాళ్ళతో చేయకూడదు. ఎత్తు మడమ లేని, జారని బూట్లు వేసుకోవాలి. పక్కన బరువైన కుర్చీని గోడకు ఆనించి ఉంచుకోండి. తేలికపాటి ప్లాస్టిక్ కుర్చీ పట్టుకోగానే జారుతుంది.

1. పాదాలు భుజాలంత ఎడంగా పెట్టి, మోకాళ్ళు కాస్త సడలించి 2 నిమిషాలు నిలబడండి. ఊపిరి బిగబట్టవద్దు.

2. బరువును మెల్లగా కుడికాలి మీదకు, మళ్ళీ ఎడమకాలి మీదకు మార్చండి. ఒక్కోవైపు 10 సార్లు.

3. బరువంతా కుడికాలి మీద ఉంచి, ఎడమ మడమను ముందు తేలిగ్గా ఆనించండి. ఆ పాదాన్ని బరువు పడకుండానే మళ్ళీ ఎత్తగలగాలి. ఎత్తలేకపోతే అడుగు మరీ పెద్దదైందన్నమాట, తగ్గించండి. పాదం పూర్తిగా ఆనాకే బరువు ముందుకు తేవాలి. ఇక్కడే రెండు వారాలు ఆగినా నష్టం లేదు.

4. తిరగడం. తాయ్ చీలో మోకాళ్ళు పాడయ్యేది ఎక్కువగా ఇక్కడే. బరువున్న పాదం నేలకు అతుక్కుని ఉంటుంది. నడుము తిరిగితే ఆ మెలి అంతా మోకాలికి తగులుతుంది. అందుకే ముందు బరువును వెనక కాలికి తీసుకుని, ఖాళీ అయిన పాదాన్ని మడమ మీద తిప్పి, ఆ తర్వాతే దానిమీదకు రండి. మోకాలు ఎప్పుడూ కాలివేళ్ళ వైపే చూడాలి, వాటిని దాటి ముందుకు పోకూడదు. గురువులా మోకాళ్ళు బాగా వంచి కిందికి దిగాలని చూడకండి. నిటారుగా చేసినా కాళ్ళకు పని దొరుకుతుంది.

రోజుకు 10 నిమిషాలతో మొదలుపెట్టి, వారానికి 2, 3 నిమిషాలు పెంచండి. అడుగు కుదిరాక, 1956లో చైనాలో రూపొందిన 24 భంగిమల క్రమాన్ని గురువు దగ్గర నేర్చుకోవచ్చు. మొత్తం చేయడానికి సుమారు 6 నిమిషాలు పడుతుంది.

తొడలు కాస్త లాగడం మామూలే. మోకాలి లోపలివైపు పోటు వస్తే మాత్రం ఆ రోజుకు ఆపేసి, మర్నాడు రెండో మెట్టు నుంచి మొదలుపెట్టండి. పోటు తగ్గకపోతే డాక్టర్‌కి చూపించుకోవాలి.