హద్దు మాది కాదని వెనక్కి పంపకండి

అనంతపురం పీటీసీలో (పోలీస్ ట్రైనింగ్ కాలేజీలో) ట్రైనింగ్ ముగించుకుని స్టేషన్‌కు వచ్చే తమ్ముళ్లకు, చెల్లెళ్లకు ఒక మాట.

కర్నూలులో బస్సెక్కిన పెద్దమ్మ అనంతపురంలో దిగి మెడ తడుముకుంటే సరుడు (గొలుసు) లేదు. ఏడుస్తూ మీ దగ్గరికొస్తే ‘కర్నూల్లో పోయుంటుంది, అక్కడికే పోమ్మా’ అనొద్దు. 2024 జులై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ నాగరిక సురక్షా సంహిత 173వ సెక్షన్ ప్రకారం, కాగ్నిజబుల్ నేరం, అంటే వారెంట్ లేకుండానే పోలీసులు అరెస్టు చేయగల నేరం, ఎక్కడ జరిగినా ఫిర్యాదు తీసుకోవాల్సిందే. దాన్నే జీరో ఎఫ్ఐఆర్ అంటాం. తర్వాత ఆ హద్దు స్టేషన్‌కు పంపుతారు.

రాసేటప్పుడు ఆమె మాటే రాయండి. ‘సరుడు’ అంటే సరుడే, దాన్ని ‘ఆభరణం’ చేయకండి. ముందు కుర్చీ వేసి నీళ్లివ్వండి, టెన్షన్ సగం దిగుతుంది. ఎన్ని తులాలు, కొక్కెం ఎలాంటిది, పక్క సీట్లో ఎవరు కూర్చున్నారు అని నిదానంగా అడిగితే ఒక్కొక్కటే గుర్తుకొస్తాయి. రాసింది చదివి వినిపించాకే సంతకమో వేలిముద్రో తీసుకోవాలి.

ఎఫ్ఐఆర్ కాపీ ఉచితంగా ఇవ్వాలి. జిరాక్స్‌కని పది రూపాయలు అడిగినా తప్పే. ఫిర్యాదు ఆన్‌లైన్‌లో వస్తే, పంపినవాళ్లు 3 రోజుల్లోగా వచ్చి సంతకం పెట్టాలి. ఆ సంగతి మీరే ఫోన్ చేసి చెప్పండి.