నక్షత్రాల పేర్లు చదవడం – 4వ పాఠం: −035 అంటే ముప్ఫై అయిదు కాదు

కాంతి మారే తారలకు రాశివారీగా, వరసగా అక్షరాల పేర్లు పెడతారు. ఆ వరసలో జీడబ్ల్యూ వర్జినిస్ అనే తారది కన్యారాశిలో ఎన్నో పేరు అని నేనడిగిన ప్రశ్నకు ఎక్కువమంది 212 అని పంపారు. జవాబు 205. జె అక్షరాన్ని కలపడం వల్లే ఆ ఏడు ఎక్కువయ్యాయి. జర్మన్ ఖగోళవేత్త అర్గెలాండర్ మొదలుపెట్టిన ఈ వరసలో ఆర్ నుంచి జెడ్ దాకా 9, ఆర్ఆర్ నుంచి జెడ్‌జెడ్ దాకా 45. అవి అయిపోయాక ఏఏ మొదలవుతుంది. రెండో అక్షరం మొదటిదానికంటే ముందుది కాకూడదు, జె అసలే రాదు. కాబట్టి ఏ వరసలో 25, బీలో 24, అలా ఎఫ్ దాకా 135. జీ వరసలో డబ్ల్యూ 16వది. కూడి చూసుకోండి.

ఈ తారకు మరో పేరు పీజీ 1159−035. పీ అంటే పాలోమార్ వేధశాల, జీ అంటే ఖగోళవేత్త గ్రీన్. అది పాలోమార్-గ్రీన్ ఆకాశ సర్వే జాబితాలోని పేరు. దీని కాంతి లయగా మారుతోందని 1979లో బయటపడింది. ముఖ్యమైన స్పందన 516 సెకన్లకోసారి. వేడి దాదాపు 1,40,000 కెల్విన్. ఉపరితలంలో హీలియం, కార్బన్, ఆక్సిజన్ ఉన్నాయి, హైడ్రోజన్ జాడ మాత్రం లేదు. ఇలాంటి తారల జాతి మొత్తానికీ దీని పేరే పెట్టారు.

ఇక అసలు చిక్కు. ఆ పేరులోని అంకెలు ఆకాశంలో తార చోటు. 1159 అంటే తూర్పు-పడమరల కొలత, 11 గంటల 59 నిమిషాలు, అందులో ఎవరూ పొరబడలేదు. −035ని మాత్రం ఖగోళ మధ్యరేఖకు దక్షిణంగా 35 డిగ్రీలని చదివేస్తున్నారు. ఈ జాబితాలో చివరి అంకె డిగ్రీలో పదో వంతు. 03, ఆ తర్వాత 5: మూడున్నర డిగ్రీలు. +427 ఉంటే 42.7. +082 ఉంటే 8.2. +200 ఉంటే ఇరవై, రెండు వందలు కాదు. మన అమలాపురం అక్షాంశం 16.6. 90లోంచి అదీ, తార దక్షిణ డిగ్రీలూ తీసేస్తే నడిమింట దాని ఎత్తు. ముప్ఫై అయిదు అనుకుంటే దక్షిణాన 38 డిగ్రీల ఎత్తులో హైడ్రా, సెంటారస్ రాశుల పొలిమేరలో వెతుకుతారు. అసలు చోటు దాదాపు 70 డిగ్రీల ఎత్తున ఉంది.

పైగా ఇవి 1950 నాటి లెక్కలు. అయనచలనం, అంటే భూమి అక్షం మెల్లగా తిరగడం వల్ల 2000 నాటికి అది 12 గంటల 1 నిమిషం, −3 డిగ్రీల 46 నిమిషాలకు (ఇవి డిగ్రీలో అరవయ్యో వంతులు) జరిగింది. మీ యాప్‌లో ఈ రెండో లెక్కే కొట్టండి.

ఏప్రిల్ మూడో వారంలో రాత్రి పదింటికి ఈ చోటు నడిమింటికి, అంటే ఉత్తర-దక్షిణాల గీత మీదికి వస్తుంది. నేనైతే కింది నుంచి కొలవను, నడినెత్తి నుంచి దక్షిణానికి రెండు పిడికిళ్లు దిగుతాను. చెయ్యి చాచితే పిడికిలి పది డిగ్రీలు. తార దాదాపు 15వ తరగతి ప్రకాశం కాబట్టి కంటికి, బైనాక్యులర్‌కి అందదు. రొయ్యల చెరువుల లైట్లకు దూరంగా నిలబడి ఆ చోటు గుర్తిస్తే చాలు.

అభ్యాసం: పీజీ 2131+066కి ఐఆర్ పెగసి అని పేరు. అది పెగాసస్‌లో ఎన్నో పేరు? మీ ఊరి నడిమింట ఎంత ఎత్తుకు వస్తుంది, నడినెత్తికి ఏ పక్కన? పీజీ 1707+427కి రెండక్షరాలు కాకుండా వీ817 హెర్క్యులిస్ అని ఎందుకొచ్చిందో, ఆ వరస ఏ అంకెతో మొదలవుతుందో లెక్కతో సహా రాయండి.