వేలన్సీ ఎలక్ట్రాన్లను లెక్కించే ముందు పాటించవలసిన జాగ్రత్తలు

వేలన్సీ ఎలక్ట్రాన్లంటే సాధారణంగా పరమాణువు కేంద్రకం చుట్టూ ఉండే పొరలలో, అంటే కర్పరాలలో, అన్నింటికంటే బయటిదానిలో ఉండే ఎలక్ట్రాన్లు. మొదట పరమాణు సంఖ్యను, ద్రవ్యరాశి సంఖ్యను వేరుగా గుర్తించాలి. సోడియంలో కర్పరాలకు పంచవలసినవి 11 ఎలక్ట్రాన్లే గాని 23 కావు.

నెల్లూరు ప్రాంతంలోని సైదాపురం గనుల్లో దొరికే తెల్ల అభ్రకంలో పొటాషియం, అల్యూమినియం, సిలికాన్, ఆక్సిజన్ ఉంటాయి కనుక, అభ్యాసానికి ఇక్కడి విద్యార్థులకు అంతకంటే దగ్గరి ఉదాహరణ అక్కరలేదు. అయితే ఎక్కువమంది తడబడేది కూడా ఆ పొటాషియం దగ్గరే. మూడవ కర్పరంలో 18 ఎలక్ట్రాన్లు పడతాయని కంఠస్థం చేసినవారు దాని విన్యాసాన్ని (కర్పరాలవారీగా ఎలక్ట్రాన్ల పంపకాన్ని) 2, 8, 9 అని రాసి, జవాబు 9గా తేలుస్తారు. మూడవ కర్పరంలోని 3డి ఉపకర్పరం కంటే ముందుగా నాలుగవ కర్పరంలోని 4ఎస్ నిండుతుంది కాబట్టి సరైన విన్యాసం 2, 8, 8, 1, జవాబు 1. తక్కిన మూడు మూలకాలు ఆవర్తన పట్టికలో వరుసగా 13, 14, 16 గ్రూపులలో ఉన్నాయి. గ్రూపు సంఖ్యలోనుంచి 10 తీసివేస్తే 3, 4, 6 వస్తాయి. ఆక్సిజన్ సంయోజకత (ఏర్పరచే బంధాల సంఖ్య) 2 కదా అని ఆ 6ను కొట్టివేయకూడదు.

18వ గ్రూపులో ఉన్నందున 10 తీసివేస్తే 8 వచ్చినా, హీలియంకు ఉన్నవి 2 మాత్రమే.

ప్రశ్న పరమాణువు గురించా, అయాన్ (ఎలక్ట్రాన్లను కోల్పోయిన లేదా పొందిన పరమాణువు) గురించా అన్నది చదివి నిర్ధారించుకోవాలి. ఇసకపల్లి మళ్లలో పండే ఉప్పులో ఉన్నది సోడియం అయాన్. పరమాణువుకు బయటి కర్పరంలో ఉన్న ఒక్క ఎలక్ట్రాన్ పోయాక, దానికి మిగిలిన చివరి కర్పరంలో 8 ఉంటాయి.

ఆవర్తన పట్టిక మధ్య భాగంలో ఉండే, ఇనుము వంటి పరివర్తన మూలకాలలో 3డి ఎలక్ట్రాన్లు కూడా బంధాలలో పాల్గొంటాయి కనుక, అక్కడ గ్రూపు సంఖ్యలోనుంచి 10 తీసివేసే పద్ధతిని వాడరాదు.