డబ్బా మీది అంకె, బకెట్టులోని నీళ్లు

బందరు కాలువ మీద, ఆ తర్వాత ఏలూరు కాలువ మీద కలిపి ముప్పై ఏళ్లకు పైగా నీళ్లు కొలిచాను. ఎంత వదిలారో కాగితం చెబుతుంది. ఎంత చేరిందో చివరి తూము దగ్గర నిలబడితే గానీ తెలియదు. క్యూసెక్కు అంటే సెకనుకు 28.3 లీటర్లు, గంటకు లక్ష లీటర్ల పైమాట. కృష్ణలంకలో మా మనవడి చేపల తొట్టెకు కావలసిన మోటారు గంటకు రెండు మూడు వందల లీటర్లు తోడితే చాలు. అయినా దాన్ని కొనేటప్పుడే నేను బోల్తా పడ్డాను.

నిరుడు మే నెల. దుకాణంలో కుర్రాడు "బాబాయ్ గారూ, ఇది తీసుకోండి, ఫోర్సు బాగుంటుంది" అంటూ ఎయిర్ కూలర్లలో పెట్టే 18 వాట్ల మోటారు చేతికిచ్చాడు. మర్నాడు మధ్యాహ్నానికి గోల్డ్‌ఫిష్ రెండూ నీటి పైకి తేలి నోళ్లు తెరుస్తున్నాయి. మునిగి ఉండే మోటారు తాగే కరెంటంతా చివరికి వేడిగా మారి ఆ నీటిలోకే చేరుతుంది. వేడి నీటిలో ప్రాణవాయువు తక్కువ కరుగుతుంది. 20 డిగ్రీల దగ్గర లీటరుకు 9 మిల్లీగ్రాములుండేది 30 డిగ్రీలకు ఏడున్నరకు దిగుతుంది. బెజవాడ ఎండ చాలదన్నట్టు తొట్టెలో నేనొక పొయ్యి ముట్టించానన్నమాట.

కాబట్టి ముందు తొట్టెను కొలవండి. మాది రెండడుగుల పొడవు, అడుగు వెడల్పు, అడుగు ఎత్తు: సెంటీమీటర్లలో 60, 30, 30. గుణించి వెయ్యితో భాగిస్తే 54 లీటర్లు. అడుగున గులకరాళ్లు, పైన వదిలిన ఖాళీ తీసేస్తే నిజంగా ఉండే నీళ్లు 45 లీటర్లు. ఆ నీరంతా గంటకు నాలుగైదు సార్లు ఫిల్టరు గుండా తిరిగితే గోల్డ్‌ఫిష్‌కు సరిపోతుంది. అంటే మాకు 225 లీటర్లు. ఫైటర్ చేపకైతే అందులో సగం కూడా ఎక్కువే. బరువైన తోకతో ప్రవాహానికి ఎదురీదలేక అది ఓ మూల నక్కి కూర్చుంటుంది.

ఇక డబ్బా మీది అంకెలు. 'గంటకు 600 లీటర్లు' అన్నది నీటిని ఏమాత్రం ఎత్తనక్కర్లేనప్పటి మాట. పక్కనే హెచ్ మ్యాక్స్ అని ఇంకో అంకె ఉంటుంది. అది 0.8 మీటర్లైతే, ఆ ఎత్తున గొట్టంలోంచి చుక్క కూడా రాదు. ఈ రెంటికీ మధ్య మీ ఎత్తు ఎక్కడో చూసుకోవాలి. ఎత్తును మోటారు నుంచి కాదు, తొట్టెలో నీటి మట్టం నుంచి కొలవాలి. మోటారును అడుగున పెట్టినా, మధ్యలో పెట్టినా లెక్క ఒకటే. మా తొట్టెలో నీరు తన మట్టానికి అడుగు ఎత్తున ఉన్న అరలోని ప్లాస్టిక్ డబ్బాకు ఎక్కి, స్పాంజి, గులకరాళ్లు, మనీప్లాంటు వేళ్ల మీదుగా కిందికి పడుతుంది.

దుకాణంలో నేను చూసేవి తక్కువ. వైరులో ఎక్కడా అతుకు ఉండకూడదు. ముందు మూత చేత్తోనే ఊడి, లోపలి రెక్కల చక్రం బయటికి రావాలి. ఆ చక్రం విడిగా దొరుకుతుందో లేదో అడగాలి. చక్రం తిరిగే ఇరుసు పింగాణీదైతే తుప్పు పట్టదు. వాట్లు పదికి లోపే ఉండాలి. రోజంతా తిరిగే 10 వాట్ల మోటారు నెలకు ఏడు యూనిట్ల పైన కాలుస్తుంది.

అసలు పరీక్ష ఇంట్లోనే. పెద్ద టబ్బు నిండా నీళ్లు పోసి మోటారును ముంచండి. లోపల గాలి చిక్కుకుంటే గరగరమంటుంది. ప్లగ్గు తీసి, పక్కకు వంచి బుడగలు పోనివ్వండి. నీళ్లు లేకుండా మాత్రం తిప్పవద్దు, ఇరుసు అరిగిపోతుంది. లీటరు సీసాతో అయిదు సార్లు పోసి ఖాళీ బకెట్టు మీద గీత పెట్టుకోండి. మీ ఇంట్లో నీరు ఎంత ఎత్తు ఎక్కాలో అంత ఎత్తున స్టూలు మీద గొట్టం చివర పట్టుకుని, బకెట్టులోకి వదిలి, గీత తాకేదాకా ఫోనులో సెకన్లు చూడండి. అయిదు లీటర్లను గంటలోని 3,600 సెకన్లతో గుణిస్తే 18,000; దాన్ని మీకు పట్టిన సెకన్లతో భాగిస్తే గంటకు ఎన్ని లీటర్లో వస్తుంది. మా 600 లీటర్ల మోటారుకు 52 సెకన్లు పట్టింది, అంటే 346. నీరు పీల్చే మూతికి స్పాంజి తొడిగి మళ్లీ కొలిస్తే 70 సెకన్లు, అంటే 257. మనవడు ముఖం ముడుచుకున్నాడు కానీ, మాకు కావలసింది 225 కదా.

అదే టబ్బులో రాత్రంతా తిరగనివ్వండి. పక్కన అంతే నీటితో ఇంకో టబ్బు పెట్టి, పొద్దున రెంటిలోనూ థర్మామీటరు ముంచండి. ఒక డిగ్రీ తేడాకు నేను పట్టించుకోను. ఆ కూలర్ మోటారును బకెట్టులో పెట్టి చూస్తే మూడు డిగ్రీలు తేలింది. ఆ తర్వాత పది సార్లు ఆపి, పది సార్లు వేయండి. కరెంటు పోయి వచ్చినప్పుడు తనంతట తాను తిరగని మోటారును అర్ధరాత్రి ఎవరు చూస్తారు?

తొట్టెలో బిగించాక ఇంకో పని ఉంది, చాలామంది మరిచిపోతారు. కింద పాత గుడ్డ పరిచి, కరెంటు ఆపి పది నిమిషాలు చూడండి. గొట్టం చివర పై డబ్బాలోని నీటిలో మునిగి ఉంటే డబ్బా నీళ్లన్నీ వెనక్కి జారి తొట్టె పొంగుతుంది. ఆ డబ్బాలోని నీటి మట్టానికి కాస్త పైన గొట్టానికి సూదితో చిన్న రంధ్రం చేస్తే గాలి చొరబడి ఆగిపోతుంది.

వైరు ప్లగ్గు కంటే కిందికి వేలాడి మళ్లీ పైకి వెళ్లాలి, అప్పుడు దాని వెంట జారే నీటి చుక్క నేల మీద పడుతుంది. ఇంట్లో 30 మిల్లీఆంపియర్ల ఆర్‌సీసీబీ, అంటే కరెంటు లీకైతే వెంటనే సరఫరా ఆపేసే స్విచ్చి, ఉందో లేదో ఎలక్ట్రీషియన్‌తో చూపించుకోండి. ఉన్నా సరే, ప్లగ్గు తీయకుండా తొట్టెలో చెయ్యి పెట్టవద్దు.

మోటారు డబ్బా అట్ట మీద పెన్సిలుతో తేదీ, సెకన్లు రాసి ఉంచాను. మూడు నెలల తర్వాత మళ్లీ కొలిస్తే 95 సెకన్లు వచ్చింది. స్పాంజిని తొట్టెలోంచి తీసిన పాత నీటిలోనే పిండాను. క్లోరిన్ ఉన్న కుళాయి నీటిలో కడిగితే మురికిని కరిగించే మంచి బ్యాక్టీరియా చస్తుంది. 88కి దిగింది. మూత తీస్తే రెక్కల మీద బోరు నీటి సున్నం తెల్లగా పేరుకుని ఉంది. చక్రాన్ని నిమ్మరసంలో అరగంట నానబెట్టి, పాత పళ్ల బ్రష్షుతో రుద్ది, బాగా కడిగి బిగించాను. అట్ట మీద కొత్త అంకెను మనవడే రాశాడు: 71.